ఆకుపచ్చ దారం

మల్లికను ఆ మధ్యాహ్నం బడినుంచి ఇంటికి చేర్చినవాడు ముక్కూమొహం తెలియని ఒక ఆటోడ్రైవరు.

గేటు ముందు ఆటో ఆగిన చప్పుడుకు తరళ బయటికి వచ్చింది. వెనక సీట్లో కూతురు ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకాల సంచీ, సంచీ మీద రెండు చేతులూ. డ్రైవరు నడివయసు మనిషి. ఖాకీ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మొహంలో కోపమెంతో, భయమెంతో విడదీసి చెప్పడం కష్టం.

"పాప మీ పాపేనా అమ్మా?"

"మా పాపే. వాళ్ళ నాన్నగారేరీ?"

"అది నానడగాల మిమ్మల్ని. బడి కాడ ఆగుంటే ఒకాయనొచ్చి పాపనెక్కించి, 'నువ్వు మనవాడివే గదా, ఇంటి దగ్గర దించెయ్, నేను చేపలు కొనుక్కుని వస్తా'ననేసి ఎల్లిపోనాడు. నానెవరో ఆయనకి తెల్దు. ఆయనెవరో నాకు తెల్దు. దారంతా పాపే సెప్పింది." అతను గొంతు తగ్గించాడు. "నాకూ ఆడపిల్లలున్నారమ్మా. రేపింకెవడి సేతిలోనైనా పెడితే ఏటి సేస్తారు?"

అంతలో వీధి మలుపులో తరళ భర్త గౌరీశంకర్ కనిపించాడు. చేతిలో చేపల సంచీ. నడకలో తొందర లేదు. దగ్గరికి వచ్చి డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"వచ్చేశారా? మంచినీళ్ళు తాగావా తమ్ముడూ?"

డ్రైవరు ఆ చేతిని చూశాడు, మనిషిని చూశాడు, తరళను చూశాడు. ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఎవరండీ అతను?" అంది తరళ.

"ఎవరేమిటి, తెలిసినవాడే."

"పేరు?"

"పేరు గుర్తు లేదు. చూడగానే తెలిసింది."

"ఎక్కడ చూశారు?"

శంకర్ నిజంగానే ఆలోచించాడు. "చూసినట్టు లేదు. కానీ తెలుసు." ఆటో వెళ్ళిన వైపు ఒకసారి చూసి నవ్వాడు.

ఆ చూపు తరళ ఎరిగినదే. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ తనను చూసే చూపే అది. ఆ వెలుగే, ఆ మెత్తదనమే. పిసరంత ఎక్కువ కాదు, పిసరంత తక్కువ కాదు. ఆమె చేపల సంచీ అందుకుని లోపలికి వెళ్ళింది. కత్తిపీట ముందు కూర్చుని చేపలు ఒక్కొక్కటిగా శుభ్రం చేసింది. పొలుసు గీసింది, మొప్పలు తీసింది, ఉప్పు వేసి కడిగింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ చేతులు తనవేనన్న ధ్యాస ఆమెకు లేదు.

*

కిందటేడు వానాకాలంలో, కొండ మలుపులో, లారీని తప్పించబోయి శంకర్ స్కూటరు మీదనుంచి పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి. మాట వచ్చింది, నడక వచ్చింది, ఓడరేవులో తాను చేసే ఉద్యోగం వివరాలతో సహా గుర్తొచ్చింది. కళ్ళు తెరిచి భార్యను చూసి మాత్రం, "ఈవిడ అచ్చం తరళలాగే ఉంది. కానీ తరళ కాదు" అన్నాడు. కూతుర్నీ అదే మాట అన్నాడు. మల్లిక ఆ తరవాత రెండు రోజులు అన్నం తినలేదు.

డాక్టర్ రెహానా తన గదిలో తరళను కూర్చోబెట్టి చెప్పింది. "ముఖాన్ని గుర్తుపట్టే దారి వేరు. ఆ ముఖం మనవాళ్ళది అనిపించే దారి వేరు. మీవారిలో మొదటిది బాగుంది. రెండోది తెగింది. పేరు తెలుస్తుంది, మనిషి తెలియదు."

ఆ తెగిన దారికి వంతెన కట్టడమే రెహానా ప్రయోగశాల ఏళ్ళ తరబడి చేస్తున్న పని. ఆ వంతెనకు ప్రోగ్రాము రాసింది తరళే. విశాఖ సముద్రానికి ఎదురుగా, కొండ మీది ఆ మేడలో, తన ఇంటికి ఎప్పటికీ అక్కర పడదనుకున్న పనిని ఆమె అంతకాలం శ్రద్ధగా, పరాయివాళ్ళ కోసం చేసింది.

వంతెన అంటే మెదడులో అమర్చే బియ్యపు గింజంత చిప్పు. ముఖం ఎదురైన ప్రతిసారీ అది ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఈ మనిషి ఎంత తెలుసు? చెవి వెనక అతికించిన చిన్న బిళ్ళనుంచి జవాబు వస్తుంది. ఎంత అని వస్తే అంత ఆప్యాయతను చిప్పు లోపలికి పంపుతుంది. జవాబు ఎవరు ఇస్తున్నారో దానికి తెలియదు, తెలియనక్కరలేదు.

మొదట్లో అందరూ జవాబు చెప్పే తెలివిని కూడా చిప్పులోనే పెట్టేద్దామన్నారు. తరళ ఒప్పుకోలేదు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే ఆమె ఆ రోజు బల్ల దగ్గర లేచి నిలబడింది. "మీ ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది కదా. పొయ్యి గ్యాసు తయారు చేసుకోదు. ఏ సిలిండరు వచ్చిందో అడగదు. రెగ్యులేటరు కుదిరితే వెలుగుతుంది. సిలిండరు అయిపోతే సిలిండరు మారుస్తాం, పొయ్యిని పగలగొట్టం. రేపు మనకు ఇంతకన్నా మంచి జవాబు చెప్పేది దొరుకుతుంది. అప్పుడు మళ్ళీ తల కోస్తామా?" అంది. ఏ భాగమూ తనకు కావలసినదాన్ని తానే పుట్టించుకోకూడదు, కావాలని అడగాలి, బయటినుంచి అందుకోవాలి. ఇది ఆమె పద్ధతి. ఎవరికి ఏది అందించాలో ఒకే ఒక పేజీలో రాసి ఉంటుంది. ఆ పేజీలో ఒక పేరు మారిస్తే చాలు. కత్తి అక్కరలేదు, కుట్టు అక్కరలేదు.

అసలు జవాబు చెప్పవలసినదానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఎరుక. మెదడులో మిగిలిన జాడలన్నీ వెతికి, తూచి, ఫలానా మనిషి ఇంత తెలుసు అని అది చెప్పాలి. అది తయారు కావడానికి చాలాకాలం పట్టింది. అందాకా పరీక్షలు ఆగకూడదు కనుక ఎరుక స్థానంలో బొమ్మను కూర్చోబెట్టేవారు. బొమ్మ లోపల ఉన్నది ఒకటే వాక్యం. ఏ ముఖం గురించి అడిగినా అది ఒక్కటే అంటుంది: తెలుసు, పూర్తిగా తెలుసు. ఆ వాక్యం రాసింది కూడా తరళే.

బొమ్మను పెట్టి మరిచిపోతే ప్రమాదమని ప్రయోగశాలలో ఒక ఆచారం పుట్టింది. బొమ్మను పెట్టినవాళ్ళు తమ మణికట్టుకు ఆకుపచ్చ దారం కట్టుకోవాలి. బొమ్మను తీశాకే దారం తీయాలి. ఏ పనికైనా అనుమతి ఇచ్చేముందు, తరళతోపాటు పనిచేసే పైడిరాజు అందరి ముందూ నిలబడి, "చేతులు చూపించండమ్మా, పెళ్ళిచూపులు" అనేవాడు. చేతులు ఖాళీగా ఉంటేనే పని ముందుకు సాగేది.

శంకర్‌కు ఎరుక తయారయ్యాకే ఆపరేషన్ జరిగింది. స్పృహ రాగానే అతను తరళను చూశాడు, చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావ్?" అన్నాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్ళైన కొత్తలో కూడా అతను తనను అలా చూడలేదన్న సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. తట్టినదాన్ని పక్కకు నెట్టేసింది.

ఎందుకంటే ప్రమాదానికి ముందు ఏడాది ఆ ఇంట్లో మాటలు లేవు. గొడవలూ లేవు. రెండు కంచాలు, రెండు ఫోన్లు, మధ్యలో మల్లిక కబుర్లు. అంతే. ఆపరేషన్ తరవాత వచ్చిన మనిషి వంటింట్లోకి వచ్చి పక్కన నిలబడేవాడు. జడలో పూలు వాడిపోయాయని చెప్పేవాడు. ఇన్వర్టరు బాగుచేయడానికి వచ్చినవాడికి భోజనం పెట్టమనేవాడు, వాచ్‌మన్‌ను కౌగిలించుకునేవాడు. కొత్తవాళ్ళ ఫొటోలు చూపిస్తే అందరూ తెలిసినట్టే ఉన్నారనేవాడు. మొదట్లో అలాగే ఉంటుంది, కుదురుకుంటుంది అన్నారు ప్రయోగశాలలో. చావు దాకా వెళ్ళొచ్చినవాళ్ళ మనసు మెత్తబడుతుంది అన్నారు ఇరుగుపొరుగు. తరళ రెండు మాటలూ నమ్మింది. నమ్మడం సుఖంగా ఉంది.

*

ఆటో వచ్చిన మర్నాడు ఆమె అందరికన్నా ముందు ప్రయోగశాలకు వెళ్ళింది. శంకర్ బిళ్ళకు సంబంధించిన పేజీ తెరిచింది. చిప్పుకు జవాబు అందించేది ఎవరు అన్న చోట చూసింది.

అక్కడ ఎరుక లేదు. బొమ్మ ఉంది.

పేజీ మూసింది. మళ్ళీ తెరిచింది. కిటికీ బయట సముద్రం ఎప్పటిలాగే ఉంది. ఏసీ ఎప్పటిలాగే గొణుగుతోంది. గుండె దడదడలాడాలి అనుకుంది. ఆడలేదు. చేతులు వణకాలి అనుకుంది. వణకలేదు. లోపల ఎక్కడో ఒక గదిలో దీపం ఆరిపోయినట్టు, ఆ గది తనది కానట్టు ఉంది.

"పొద్దున్నే వచ్చేశారేటి మేడమ్? ఇంట్లో పాలు విరిగిపోయాయా?" అంటూ పైడిరాజు రెండు టీ గ్లాసులతో వచ్చాడు. తెర చూశాడు. ఒక గ్లాసులోంచి టీ ఒలికి వేళ్ళ మీద పడ్డా కదల్లేదు.

"చేతులు చూశాను మేడమ్. ఆపరేషన్ రోజు నేనే చూశాను. మీ చెయ్యి ఖాళీగా ఉంది."

"ఖాళీగానే ఉంది," అంది తరళ. చెబుతూ ఉండగానే ఆమెకు ఆ ఉదయం కళ్ళ ముందుకు వచ్చింది. ఆఖరి పరీక్ష కోసం బొమ్మను పెట్టి దారం కట్టుకుంది. అంతలో, థియేటరు అనుకున్న వేళకన్నా ముందే సిద్ధమైందని ఫోను వచ్చింది. చిప్పును మేల్కొల్పవలసింది తానే కనుక పరుగెత్తింది. గుమ్మంలో నర్సు ఆపింది. చేతికి ఏమీ ఉండకూడదమ్మా అంది. గాజులు తీసింది, ఉంగరం తీసింది. దారం ముడి ఊడలేదు. నర్సు కత్తెర తెచ్చి కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. ఖాళీ చేయి చూసుకుని తరళ మనసు కూడా ఖాళీ అయింది. దారం లేదు, అంటే బొమ్మ లేదు. ఏళ్ళ అలవాటు ఆమెకు నేర్పింది అదే. థియేటరులో పైడిరాజుకు చూపించింది ఆ ఖాళీ చేతినే.

"చిప్పుకైనా తెలియలేదే," అన్నాడు పైడిరాజు.

"తెలియకూడదనే కదా దాన్ని అలా తయారుచేశాం."

టీ మీద మీగడ కట్టింది.

"ఎరుక సిద్ధంగా ఉంది. ఈ రోజే మార్చేయొచ్చు," అన్నాడు అతను. ఆమె మొహం చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఒక మాట చెప్తాను, తిట్టకండి. రెండింటినీ పెట్టొచ్చు. ఏ ముఖం వచ్చినా ఎరుకనే అడగమందాం. మీ ముఖం వస్తే మాత్రం బొమ్మను అడగమందాం. మీ పద్ధతిలో రెండు పంక్తుల పని. పాపకు ప్రమాదం ఉండదు. మీకూ... మీకూ ఏం పోదు. డాక్టరమ్మకి నేను చెప్పను."

తరళ ఆ రెండు పంక్తులూ రాసి, ఇంకా అమల్లో పెట్టకుండా ఉంచింది. రాయడానికి టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. ఆమె జీవితంలో రాసిన చక్కని పంక్తుల్లో అవీ ఉంటాయి. పొందికగా, సులువుగా, ఎవరి దారికీ ఎవరూ అడ్డం రాకుండా. తరవాత సొరుగులోంచి ఆకుపచ్చ దారం తీసి మణికట్టుకు కట్టుకుంది. బొమ్మ ఇంకా లోపలే ఉంది కనుక, ఆలస్యంగానైనా, కట్టుకోవాలి కనుక.

*

సాయంకాలం ఇంటి మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ శంకర్‌కు అంతా చెప్పింది. అతను దుప్పటి రెండు కొసలూ పట్టుకుని విన్నాడు. ఆమె మిగతా రెండు కొసలూ పట్టుకుని చెప్పింది. మధ్యలో ఒకసారి గాలికి దుప్పటి లేచి ఇద్దరి మొహాలకూ అడ్డం వచ్చింది.

"అంటే నిన్ను చూస్తే నాకు కలిగేది..."

"నేను రాసిన ఒక వాక్యం."

"ఆ ఆటో అతన్ని చూసినా అదేనా?"

"అదే."

శంకర్ చిన్నగా నవ్వాడు. "పాపం, అతన్ని నేనెంత ప్రేమించానో అతనికి తెలియనే తెలియదు."

ఆమెకు కూడా నవ్వు వచ్చినట్టే ఉంది. పెదవుల దాకా రాలేదు.

"మారిస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"మీలో మిగిలినదాన్ని చూసి ఎరుక చెబుతుంది. ఎంత మిగిలిందో నాకు తెలియదు."

"ముందు ఎలా ఉండేవాళ్ళమో నాకు గుర్తుంది తరళా. మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆ రోజుల్లో నువ్వు నాకెలా అనిపించేదానివంటే... అది మాత్రం గుర్తు రావడం లేదు. జరిగినవన్నీ ఉన్నాయి. వాటి రుచి లేదు." దుప్పటి మడతపెట్టి ఆమె చేతుల్లో పెట్టాడు. అప్పుడు దారం చూశాడు. "ఇదేమిటి?"

ఆమె ఆచారం చెప్పింది. కత్తెర సంగతి చెప్పింది. పైడిరాజు ఉపాయమూ దాచలేదు.

"అంటే అందరికీ అసలుది. నీ ఒక్కదానికీ బొమ్మ."

"ఊఁ."

"అలా చేస్తే ఈ దారం ఎప్పుడు తీస్తావు?"

ఆచారం ప్రకారం జవాబు ఒకటే ఉంది. బొమ్మ ఒక్క ముఖం కోసం మిగిలినా, మిగిలినట్టే. ఆ దారం స్నానంలో ఉంటుంది, వంటలో ఉంటుంది, నిద్రలో ఉంటుంది. అతను తనను ఆప్యాయంగా చూసిన ప్రతిసారీ మణికట్టు మీద ఉంటుంది.

"నీ ఇష్టం," అన్నాడు శంకర్. "నాకైతే ఇప్పుడు బాగుంది. అబద్ధమని తెలిశాక కూడా బాగానే ఉంది. అదే భయంగా ఉంది. నీకు భయంగా లేదూ?"

"ఉండాలి. రావడం లేదు."

*

మర్నాడు ప్రయోగశాలలో శంకర్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా తెర మీద ఒక తెల్లని గీత. ముఖం తెలిసినకొద్దీ అది పైకి లేస్తుంది. రెహానా అతని పక్కన నిలబడింది. మల్లిక కిటికీ దగ్గర ఓడలు చూస్తోంది. పైడిరాజు తరళ చెవి దగ్గర మెల్లగా, "పంక్తులు ఉన్నాయిగా?" అన్నాడు.

తరళ పేజీ తెరిచింది. రెండు పంక్తులూ పొందికగా నిలబడి ఉన్నాయి. వాటిని ఒకసారి చదివింది. చెరిపేసింది. బొమ్మ అన్న చోట ఎరుక అని రాసింది.

శంకర్ కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. తెరిచినప్పుడు గదిని కొత్తగా చూశాడు. గోడల్ని, తలుపుని, మనుషుల్ని. మొహంలో ఇన్నాళ్ళూ వెలిగిన వెలుగు, అద్దె ఇల్లు ఖాళీ చేసినంత మామూలుగా, వెళ్ళిపోయింది.

ముందు ఒక కొత్తవాడి ఫొటో చూపించారు. గీత కదల్లేదు. "ఎవరు?" అన్నాడు శంకర్. పైడిరాజు ఎదురుగా వచ్చాడు. గీత కొద్దిగా లేచింది. "మీరు జోకులు వేస్తారు," అన్నాడు.

మల్లిక వచ్చి అతని మోకాళ్ళ దగ్గర నిలబడింది. గీత నిటారుగా పైకి లేచి తెర అంచును తాకింది. శంకర్ కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నిన్ను ఆటోలో ఎక్కించేశానా నేను?" అన్నాడు. మల్లిక, "దారి నాకు తెలుసుగా నాన్నా," అంది.

ఆ తరవాత తరళ వంతు.

ఆమె తెరకు వీపు పెట్టి అతని ఎదుట నిలబడింది. గీతను చూడదలచుకోలేదు. అతన్నే చూసింది. అతను ఆమెను చూశాడు. నుదురు, కళ్ళు, జడ. పేరు తెలిసినట్టే ఉంది. చేసుకున్న పెళ్ళి, ఉన్న ఇల్లు, పెట్టిన కాఫీ, అన్నీ తెలిసినట్టే ఉంది. దూరంనుంచి వస్తున్న బస్సు నంబరు చదవడానికి ప్రయత్నించే మనిషిలా అతను కళ్ళు చిట్లించాడు.

"ఎంత?" అంది తరళ. తెరను కాదు, అతన్ని.

శంకర్ అబద్ధం చెప్పలేదు. తొందరపడీ చెప్పలేదు.

"కొంచెం," అన్నాడు.

వెనక పైడిరాజు నేల చూపులు చూస్తున్నాడని తరళకు చూడకుండానే తెలిసింది. ఆమె ఆ మాటను లోపలికి తీసుకుంది. ఎక్కడా గుచ్చుకోలేదు, ఎక్కడా మండలేదు. నెలల తరబడి ఆ కళ్ళలో తాను చూసుకున్నది తన చేతిరాత. ఈ కొంచెం మాత్రం ఆమె రాసినది కాదు. మాటలు లేని ఆ ఏడాదినీ, కొండ మలుపునీ, లారీనీ దాటుకుని, ఎవరూ అందించకుండా, దానంతట అది మిగిలినది.

"సరే," అంది.

ఇక దారం తీయాలి. ఎడమ మణికట్టు మీది ముడిని కుడిచేతి గోళ్ళతో లాగింది. గట్టిగా పడింది. పళ్ళతో పట్టుకోబోయింది. దొరకలేదు. కత్తెర బల్ల మీదే ఉంది. దాని వైపు చెయ్యి చాపలేదు.

శంకర్ కాసేపు చూశాడు. కష్టపడుతున్న ఏ మనిషికైనా సాయం చేసినట్టే చెయ్యి చాచాడు. "ఇలా ఇయ్యి," అన్నాడు. ఆమె చేతిని జాగ్రత్తగా, అలవాటు లేనివాడిలా పట్టుకుని, వంగి, ముడిని వెతికి, కొస పట్టుకుని, నెమ్మదిగా విప్పాడు.

దారం అతని వేళ్ళ మధ్య ఉండిపోయింది. ఎక్కడ వేయాలో అతనికి తెలియలేదు. అడగడానికి మొహమాటపడ్డాడు. చుట్టూ ఒకసారి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.